మల్లి పొట్ట డైరీ: పాలా, చేపా, చికెనా? 84 రోజుల ఆహార పరీక్ష

మల్లి నాటు పిల్లి. ఆడది, వయసు మూడేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది. ఐదు నెలలుగా విరేచనాలు. రోజుకు నాలుగైదు సార్లు, కొద్దికొద్దిగా, చివర్లో జిగట, అప్పుడప్పుడూ ఎర్రటి చార. వారానికోసారి వాంతి. ఏడాది కిందట 3.9 కిలోలున్నది 3.4కి దిగింది. ఆకలి మాత్రం తగ్గలేదు.

తినేది ఇదీ: పొద్దున అరకప్పు గేదె పాలు, పగలంతా గిన్నెలో ఉండే చికెన్ రుచి క్యాట్ ఫుడ్, రాత్రికి పసుపేసి ఉడికించిన చేప తల, మధ్యలో పెరుగన్నం మెతుకులు, ఆదివారం నాడు చికెన్ ముక్కలు. మన ఇళ్లలో పెరిగే పిల్లుల తిండి చాలావరకు ఇంతే కాబట్టి కొలతలన్నీ విడమరిచి రాస్తున్నాం. ఇంట్లో అందరి అనుమానమూ చేప తల మీదే ఉంది. నీచు పడట్లేదని వారం పాటు చేప మానేశారు, తేడా రాలేదు. మళ్లీ పెట్టారు. పాలు రెండు రోజులు మానేశారు, మళ్లీ పోశారు. ఇలా ఒకదాని మీద ఒకటి మారుస్తూ పోతే ఏది పనిచేసిందో ఎన్నటికీ తెలియదు. అందుకే ఈ ప్రాజెక్టుకు మొదటి నియమం: ఒకసారి ఒక్కటే మారాలి, మారినది కాగితం మీద ఉండాలి.

డైట్ జోలికి వెళ్లక ముందు

తిండి మార్చే ముందు పురుగులను, ఇతర జబ్బులను పక్కకు తప్పించాలి. ఈ మెట్టు దాటేస్తే రెండు నెలల శ్రమ వృథా అవుతుంది.

మూడు రోజులు వరుసగా మూడు మలం నమూనాలు మైక్రోస్కోప్ పరీక్షకు వెళ్లాయి. ఒక్క నమూనా చాలదు, పురుగుల గుడ్లు ప్రతి రోజూ పడవు. పేగులో చేరి విరేచనాలు పెట్టే జియార్డియా అనే సూక్ష్మజీవికి విడిగా యాంటిజెన్ కిట్ పరీక్ష చేయించాం. అన్నీ నెగెటివ్. అయినా వెటర్నరీ డాక్టర్ సలహా మీద నులిపురుగుల మందు ఫెన్‌బెండజోల్ ఇచ్చాం: కిలోకు 50 మి.గ్రా. లెక్కన రోజుకు 170 మి.గ్రా., ఐదు రోజులు. మలంలో గానీ తోక కింద వెంట్రుకల్లో గానీ బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే అది వెంట్రుకల్లో దూకుతూ తిరిగే ఫ్లీ అనే చిన్న పురుగుల వల్ల వచ్చే టేప్‌వార్మ్. దానికి ప్రాజిక్వాంటెల్ వేయాలి, ఫ్లీలకు మందు కూడా వేయాలి. లేకపోతే నెల తిరక్కుండానే మళ్లీ వస్తుంది. మల్లికి అవి లేవు.

రక్త పరీక్షలో కాలేయం, కిడ్నీ, చక్కెర సరిగ్గా ఉన్నాయి. పదేళ్లు దాటిన పిల్లి అయితే థైరాయిడ్ టీ4 కూడా తప్పనిసరిగా చూడాలి. బాగా తింటూ చిక్కిపోతూ విరేచనాలు పెట్టుకునే ముసలి పిల్లుల్లో థైరాయిడ్ ఎక్కువైపోవడం తరచూ కనిపించే కారణం. చాలా పిల్లుల మధ్య పెరిగి వచ్చిన కుర్ర పిల్లి అయితే ట్రైట్రికోమోనాస్ అనే సూక్ష్మజీవికి పీసీఆర్ పరీక్ష అడగాలి, అది మామూలు నులిపురుగుల మందుకు లొంగదు.

చిక్కిపోయింది కాబట్టి బీ12 ఇంజెక్షన్లు రాశారు. చర్మం కింద 250 మైక్రోగ్రాములు, వారానికొకటి, ఆరు వారాలు. చిన్నపేగు చివరి భాగం దెబ్బతింటే బీ12 లోపలికి పీల్చుకోలేదు. బీ12 తగ్గితే పేగు మానదు. ఇది కూడా ఒక మార్పే కాబట్టి పరీక్షలో గందరగోళం పెట్టగలదు, ఆ సంగతి ముందే గుర్తు పెట్టుకున్నాం. మానేసిన తిండిని తిరిగి పెట్టి చూసే తిరుగు పరీక్షలో ఈ చిక్కు విడిపోవాలి.

ఇంట్లో మిగిలిపోయిన మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ బిళ్ల ఇచ్చి చూద్దామన్న మాట వచ్చింది. వద్దన్నాం. నాలుగు రోజులు గట్టిపడినట్టు కనిపిస్తుంది, పేగులోని మంచి సూక్ష్మజీవులు చెదిరిపోతాయి, బిళ్ల ఆపగానే కథ మొదటికొస్తుంది, ఈలోపు ఆహార పరీక్ష లెక్కలు పాడవుతాయి. మనుషుల విరేచనాల బిళ్లలు అసలే వద్దు. జ్వరం ఉన్నట్టుంది కదా అని పారాసెటమాల్ ముక్క వేస్తే పిల్లి చచ్చిపోవచ్చు, అర బిళ్లయినా సరే.

రోజులు 1–7: ఏమీ మార్చకుండా లెక్క రాయడం

ఫెన్‌బెండజోల్ అయిపోయాక పది రోజులు ఆగి, ఒక సోమవారం నాడు 1వ రోజుగా మొదలుపెట్టాం. ఈ వారం తిండి పాతదే. రాయడం ఒక్కటే కొత్త.

మలానికి 1 నుంచి 7 దాకా మార్కులు. ప్రపంచమంతా వాడే స్కేలే ఇది, మేం వంటింటి మాటల్లోకి దింపుకున్నాం. 1 అంటే మేక పెంటికల్లా గట్టిగా, విడివిడిగా. 2 అంటే గట్టి కణుపుల కడ్డీ, ఎత్తితే ట్రేలో మరక మిగలదు. మనకు కావలసింది ఇదే. 3 కడ్డీ రూపమే గానీ పైన తడి మెరుపు. 4 కడ్డీలా పడుతుంది, ఎత్తితే విరిగిపోయి మరక వదులుతుంది. 5 గారె పిండి ముద్ద. 6 దోసె పిండి. 7 మజ్జిగ. ఇంట్లో ఎవరు శుభ్రం చేసినా ఒకే మార్కు వేయగలగాలంటే పోలిక ఇంత స్పష్టంగా ఉండాలి. "కొంచెం పల్చగా" అన్న మాట నలుగురికి నాలుగు రకాలుగా అర్థమవుతుంది.

మలమూత్రాల ట్రేలో పరిచే పొడి, అంటే లిట్టర్, ఉండకట్టే రకమైతే పల్చటి విరేచనం చుట్టూ అది అతుక్కుని అసలు రూపం కనపడదు. అందుకని ఈ ప్రాజెక్టు సాగినన్నాళ్లూ లిట్టర్ పొర రెండు వేళ్ల మందానికి తగ్గించాం, వెళ్లిన వెంటనే ఫొటో తీశాం.

బరువుకు కూరగాయల డిజిటల్ కాటా, మీద ప్లాస్టిక్ బేసిన్, బేసిన్‌లో మల్లి. ముందు ఖాళీ బేసిన్ పెట్టి సున్నా నొక్కాలి. మనిషి పిల్లిని ఎత్తుకుని బాత్రూం కాటా ఎక్కి తీసివేత చేస్తే 200 గ్రాముల తేడా పట్టుబడదు, ఇంత చిన్న జంతువుకు 200 గ్రాములంటే చాలా ఎక్కువ. ప్రతి ఆదివారం పొద్దున, తిండికి ముందు తూచాం.

వాంతిని కూడా రెండు రకాలుగా రాశాం. తిన్న ఐదు నిమిషాల్లో, గొట్టంలా, గింజలు నలగకుండా వస్తే ఆత్రంగా మింగిందని అర్థం. దానికి మందు వెడల్పు పళ్లెం, చిన్న భాగాలు. డొక్క ఎగరేసి, పసుపు నురగతోనో సగం అరిగిన తిండితోనో వస్తే అది నిజమైన వాంతి.

వారం సగటు: రోజుకు 4 సార్లు, మార్కు 5.7, జిగట ఐదు రోజులు, రక్తపు చార రెండు రోజులు, వాంతి 1. బరువు 3.40.

ఈ వారం లెక్కలోనే ఒక సంగతి బయటపడింది. కొద్దికొద్దిగా చాలాసార్లు, జిగటతో, ముక్కుతూ వెళ్లడం పెద్దపేగు లక్షణం. బరువు తగ్గడం చిన్నపేగు లక్షణం. రెండూ ఉన్నాయంటే ఏదో ఒక మూలకే పరిమితమైన జబ్బు కాదు. తిండి పడకపోవడానికి ఈ బొమ్మ సరిపోతుంది, పేగు వాపు జబ్బుకు కూడా సరిపోతుంది. ఆహార పరీక్షకు లొంగకపోతే తర్వాత మెట్టు అల్ట్రాసౌండ్, బయాప్సీ.

రోజులు 8–12: పాలు, పెరుగన్నం బంద్

పాలలోని చక్కెర లాక్టోజ్. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ తల్లి పాలు మానాక పిల్లుల్లో బాగా తగ్గిపోతుంది. విరగని చక్కెర పెద్దపేగుకు చేరి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని పులియబెడితే గ్యాసు. గేదె పాలలో కొవ్వు 6 నుంచి 8 శాతం, అది అదనపు బరువు. పెరుగులో లాక్టోజ్ కొంత తగ్గుతుందే గానీ పోదు. పైగా మిగిలిన పెరుగన్నం అంటే తాలింపు, ఉప్పు, ఒక్కోసారి ఉల్లిపాయ ముక్క కూడా. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. వండినవైనా, పొడి రూపంలోనైనా ఆ విషం పోదు.

పాల గిన్నె ఉన్న చోటే నీళ్ల గిన్నె పెట్టాం. మొదటి రెండు రోజులూ మల్లి దాని ముందు కూర్చుని అరిచింది. మూడో రోజుకు మానేసింది.

12వ రోజుకు: రోజుకు 3 సార్లు, మార్కు 5. గ్యాసు చప్పుడు తగ్గింది. జిగట అలాగే ఉంది. పాలు కొంత కారణమని తేలింది, మొత్తం కారణం కాదనీ తేలింది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, "పాలు మానేశాక నయమే" అంటూ. మార్కు 5 నయం కాదు.

రోజులు 13–21: ఏ తిండికి మారాలి

దీనికి రెండు దారులు. ఇంతవరకూ ఎప్పుడూ తినని మాంసం పెట్టడం ఒకటి, హైడ్రోలైజ్డ్ క్యాట్ ఫుడ్ పెట్టడం రెండోది. హైడ్రోలైజ్డ్ అంటే మాంసకృత్తులను శరీరం గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా ముందే విరగ్గొట్టినది.

మొదటి దారి మన ఊళ్లలో కనిపించినంత తేలిక కాదు. పిల్లుల్లో ఎక్కువగా పడనివిగా తేలినవి గొడ్డుమాంసం, చేప, చికెన్. మల్లి చేప, చికెన్ రెండూ తినేసింది. కౌజు, బాతు కొత్తవే గానీ అవీ పక్షులే, చికెన్ పడని శరీరం వాటినీ పోల్చుకోవచ్చు. మేక మాంసమంటే, పాల మీద అనుమానం ఉన్నప్పుడు పాడి పశువుల జాతికి దగ్గరిది ఎంచుకోవడం మంచిది కాదు. మిగిలినవి కుందేలు, పంది. కుందేలు ప్రతి వారం దొరకదు. ఉత్త మాంసం సంపూర్ణాహారం కూడా కాదు. కాల్షియం ఉండదు, ఉడకబెట్టిన నీళ్లు పారబోస్తే పిల్లులకు తప్పనిసరైన టారిన్ అనే పోషకం చాలావరకు వాటితోనే పోతుంది. టారిన్ తక్కువైతే పిల్లుల గుండె సాగిపోయి బలహీనపడుతుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ క్యాంపస్‌లో పాల్ పయాన్ బృందం చూపించింది. అప్పట్లో అది డబ్బా తిండి తిన్న పిల్లుల్లోనే బయటపడింది. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి. రెండు మూడు వారాల పరీక్షకైతే ఉత్త మాంసం నడుస్తుంది, అంతకు మించి వద్దు. మేం హైడ్రోలైజ్డ్ ఎంచుకున్నాం. ఇది మామూలు పెట్ షాపు సరుకు కాదు, డాక్టర్ చీటీ మీద తెచ్చుకునే రకం. బయట దొరికే "సెన్సిటివ్" ప్యాకెట్లు దీనికి బదులు కావు, వాటిలో చాలావాటిలో మామూలు చికెనే ఉంటుంది.

ఎంత పెట్టాలి? బరువును 0.75 ఘాతానికి ఎత్తి 70తో గుణించాలి. 3.4 కిలోలకు 175 కిలోకేలరీలు. ఆపరేషన్ అయిన, ఇంట్లో ఉండే పిల్లికి దాన్ని 1.2తో గుణిస్తే 210. మా ప్యాకెట్ మీద 100 గ్రాములకు 390 కిలోకేలరీలని ఉంది, అంటే రోజుకు 54 గ్రాములు. నాలుగు భాగాలు చేసి పొద్దున 6, మధ్యాహ్నం 12, సాయంత్రం 6, రాత్రి 10కి. గ్రాముల కాటా మీద తూచాలి. కప్పు కొలత ఒక్కోసారి ఒక్కోలా పడుతుంది.

మార్పు తొమ్మిది రోజులు. మొదటి మూడు రోజులు పావు వంతు కొత్తది, తర్వాతి మూడు రోజులు సగం, చివరి మూడు రోజులు ముప్పావు. చేప తల మొదటి రోజే ఆపేశాం.

17వ రోజు సగం దగ్గర ఇబ్బంది వచ్చింది. మల్లి పాత గింజలు ఏరుకు తిని కొత్తవి వదిలేసింది. పొద్దున, మధ్యాహ్నం కలిపి తిన్నది 9 గ్రాములే. ఇక్కడ పంతానికి పోకూడదు. "ఆకలైతే అదే తింటుంది" అన్న సూత్రం కుక్కకు ఒకటి రెండు రోజులు చెల్లుతుందేమో గానీ పిల్లికి చెల్లదు. రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుని ప్రాణం మీదకొస్తుంది, లావు పిల్లులకు మరీ ప్రమాదం. 24 గంటలు ఏమీ ముట్టకపోతే డాక్టర్‌కు ఫోన్ చేయాలని గోడ మీద రాసి పెట్టాం.

చేసిన పని: పాత, కొత్త గింజలు కలిపి రోట్లో కచ్చాపచ్చాగా దంచి, చేతికి గోరువెచ్చగా తగిలే నీళ్లు 15 మి.లీ. పోసి ఐదు నిమిషాలు నాననిచ్చాం. ఏరుకోవడానికి వీల్లేదు, వేడికి వాసన లేచింది. ఆ సాయంత్రం మొత్తం తినేసింది. నానబెట్టినది అరగంట దాటితే తీసేయాలి, మన ఎండల్లో త్వరగా పులుస్తుంది.

21వ రోజు బరువు 3.38. తగ్గిన 20 గ్రాములు కాటా తేడాలో పోతాయి, భయం లేదు.

రోజులు 22–28: అంతా బాగుంది, ఆదివారం దాకా

22వ రోజు నుంచి నోట్లోకి వెళ్లేది రెండే, కొత్త తిండి, మంచినీళ్లు.

22: మార్కు 5. 23: 4. 24: 4. 25: 3. 26: 3, రోజుకు రెండు సార్లే. 27: 3, జిగట లేదు. కడుపు లక్షణాలు ఆహార పరీక్షకు సాధారణంగా రెండు వారాల్లోపే లొంగుతాయి. చర్మం దురద అయితే ఎనిమిది వారాలు ఆగాలి. ఐదు రోజుల్లో ఇంత తేడా అంటే దారి సరైనదే.

28వ రోజు, ఆదివారం. మధ్యాహ్నం ఇంట్లో చికెన్ కూర. మల్లికి ఎవరూ పెట్టలేదు. 29వ రోజు పొద్దున ట్రేలో దోసె పిండి, పైన జిగట. మార్కు 6. సాయంత్రం మళ్లీ 6, ఎర్ర చార. చెత్తబుట్ట చూస్తే సంచి ఒక మూల పీలికలై ఉంది, ఎముకల మీద కండ నాకేసి ఉంది.

లెక్క మొదటికొచ్చింది. 29వ రోజు నుంచి పరీక్ష మళ్లీ మొదలుపెట్టాం, రోజుల అంకెలు మాత్రం ఇక్కడ అలాగే కొనసాగిస్తున్నాం.

ఈ పరీక్ష చెడిపోయేది దాదాపు ఎప్పుడూ ఇలాంటి చోటే, కాబట్టి ఆ రోజు ఇల్లంతా తిరిగి రంధ్రాలు వెతికి మూశాం. చెత్తబుట్టకు గట్టి మూత. ఎంగిలి కంచాలు సింకులో నీళ్లలో మునిగేలా పెట్టడం. వెంట్రుకల ఉండలకు నాకించే మాల్ట్ పేస్టు ట్యూబు మీద చదివితే "పాలు, పాల పదార్థాలు" అని ఉంది, పక్కన పెట్టేశాం. నెలవారీ నమిలే మాత్ర చికెన్ లివర్ రుచిది, దానికి బదులు రుచి లేని మాత్ర. పక్కింటి బాల్కనీలో వాళ్ల పిల్లికి పెట్టే గిన్నె ఉంది, వెళ్లి చెప్పి మా వైపు వల కట్టాం. మిగిలింది బల్లులు. ఇది నవ్వుకునే సంగతి కాదు. ఉష్ణ ప్రాంతాల్లో బల్లుల ద్వారా పిల్లి పిత్తనాళంలోకి ఒక రకం చదునైన పురుగు చేరుతుంది. వాంతులు, కామెర్లు తెస్తుంది. మామూలు మోతాదు నులిపురుగుల మందుకు పోదు. రాత్రిళ్లు వంటగది తలుపు మూయడం అప్పటి నుంచి అలవాటైంది.

రోజులు 29–42: మచ్చలేని పద్నాలుగు రోజులు

32వ రోజుకు మార్కు 4, 34కి 3. 36వ రోజు మొదటిసారి 2. ట్రేలో కణుపుల కడ్డీ, ఎత్తితే లిట్టర్ మీద తడి కూడా లేదు. ఫొటో తీసి డాక్టర్‌కు పంపాం. ఐదు నెలల తర్వాత వచ్చిన ఆ ఒక్క కడ్డీకి ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి.

ఆరో బీ12 ఇంజెక్షన్ కూడా 36వ రోజే పడింది. 37 నుంచి 42 దాకా 2, 3 మధ్యలోనే. రోజుకొకసారి, ఒక్కోరోజు రెండు. వాంతులు లేవు. బరువు 3.52. చిక్కినది నిండాలి కాబట్టి తిండి 54 నుంచి 60 గ్రాములకు పెంచాం, ఐదు రోజుల్లో రోజుకు గ్రాము, గ్రామున్నర చొప్పున. ఒక్కసారి పెంచితే ఆ బరువుకే విరేచనం పల్చబడి, తిండి పడలేదేమోనని తప్పు లెక్క వేస్తాం.

రోజులు 43–49: చికెన్‌తో తిరుగు పరీక్ష

బాగైంది కదా, మళ్లీ కెలకడం ఎందుకని ఇంట్లో అన్నారు. బాగైనది తిండి వల్లనా, బీ12 వల్లనా, కాలం గడవడం వల్లనా? తిరిగి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అది తెలియకపోతే ఈ ఖరీదైన తిండి జన్మంతా కొనాలి, లేదా ఏదో ఒక రోజు ఆపేసి మళ్లీ మొదటికి రావాలి.

పద్ధతి: తోలు, ఎముక లేని చికెన్ రొమ్ము ముక్క, ఉప్పు పసుపు లేకుండా నీళ్లలో ఉడికించినది, రోజుకు 10 గ్రాములు. మిగతా అంతా అదే. ఏడు రోజులు, లేదా మార్కు 5 తాకే దాకా, ఏది ముందైతే అది.

43: మార్కు 2. 44: 3. 45: పొద్దున 4, రాత్రి 6, జిగట. ఆపేశాం. 46: 5, తెల్లవారుజామున వాంతి. 47: 4. 48: 3. 49: 2.

చెత్తబుట్ట రోజున జరిగిందే మళ్లీ జరిగింది. ఈసారి ఉప్పు, కారం, నూనె ఏవీ లేవు కాబట్టి మసాలా మీదకు నెట్టే వీలూ లేదు. బీ12 ఆరూ పడ్డాక కూడా చికెన్ తగలగానే తిరగబెట్టింది, ఆపగానే తగ్గింది. అంటే మల్లికి పడనిది చికెన్. పగలంతా గిన్నెలో ఉండే ఆ గింజలే ఐదు నెలలుగా పేగును మాననివ్వలేదు.

రోజులు 57–63: చేప

వారం రోజులు 2, 3 మార్కులతో నిలకడగా ఉన్నాక చేప మొదలుపెట్టాం. బొచ్చె చేప పొట్ట కాదు, వీపు కండ. పొట్టలో కొవ్వు ఎక్కువ. ఉడికించి, వేళ్లతో నలిపి ముళ్లు ఒక్కొక్కటీ ఏరి, రోజుకు 10 గ్రాములు. పచ్చి చేప పెట్టకూడదు. కొన్ని చేపల్లో బీ1 విటమిన్‌ను విరగ్గొట్టే ఎంజైమ్ ఉంటుంది, ఉడికిస్తే అది నశిస్తుంది. ఎండు చేపలు ఉప్పు వల్ల వద్దు.

ఏడు రోజులూ 2, 3. జిగట లేదు. బరువు 3.66. అందరూ అనుమానించిన చేప నిర్దోషి. తలకాయలో ముళ్లు గుచ్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి తల మాత్రం తిరిగి పెట్టలేదు, కండే. పాలతో తిరుగు పరీక్ష చేయలేదు, పెద్ద పిల్లికి పాల అవసరమే లేదు.

రోజులు 64–84: రోజూ తినే తిండికి మారడం

చికెన్ లేని క్యాట్ ఫుడ్ వెతకడం ఈ ప్రాజెక్టులో అన్నింటికంటే ఓపిక పరీక్షించిన పని. ప్యాకెట్ ముందు చేప బొమ్మ, "ఓషన్ ఫిష్" అన్న పేరు. వెనక్కి తిప్పితే మొదటి పదార్థం చికెన్ మీల్. ఇంకోదాంట్లో చేప మొదటే ఉంది, ఐదో పదార్థం "పౌల్ట్రీ ఫ్యాట్", చివర్లో "డైజెస్ట్" అన్న రుచి పూత, దేనిదో రాయలేదు. చూడాల్సిన మాటలు ఇవి: చికెన్, పౌల్ట్రీ, పౌల్ట్రీ బై-ప్రొడక్ట్, గుడ్డు, యానిమల్ ఫ్యాట్, డైజెస్ట్. జంతువు పేరు రాయనిది ఏదైనా చికెనే అనుకుని పక్కన పెట్టాలి. దొరికినది ఒక చేప ఆధారిత గ్రెయిన్-ఫ్రీ రకం. గింజధాన్యం లేకపోవడం దాని గొప్పతనమేం కాదు, చికెన్ లేదని మాత్రమే కొన్నాం. ప్యాకెట్ మీద "పెద్ద పిల్లులకు సంపూర్ణాహారం" అన్న మాట ఉందో లేదో కూడా చూశాం. "కాంప్లిమెంటరీ" అని ఉంటే అది పైపై తిండే, దాని మీద పిల్లి బతకలేదు.

పది రోజుల్లో మార్చాం. 73వ రోజుకు పూర్తయింది.

75వ రోజు కొత్త సమస్య. మార్కు 1. మేక పెంటికలు, ట్రేలో ఎక్కువసేపు కూర్చోవడం. ఇక్కడ ఒక హెచ్చరిక అందరికీ చెప్పాలి. పిల్లి ట్రేలో ముక్కుతూ కూర్చుంటే మలబద్ధకం అనుకునే ముందు మూత్రం పడుతోందో లేదో చూడండి. మగ పిల్లి అయితే మరీ ముఖ్యం. మూత్రనాళం మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది, ఆ గంటే ఆసుపత్రికి పరుగెత్తాలి. మల్లి ట్రేలో మూత్రం ఉండలు మామూలుగానే ఉన్నాయి.

ఇంతలో ఎండలు ముదిరాయి. పిల్లికి తిండి, తాగడం కలిపి కిలోకు సుమారు 50 మి.లీ. నీరు కావాలి, మల్లికి రోజుకు 185 దాకా. గింజల్లో నీరు పది శాతం లోపే. ముందు నీటిని సరిచేశాం: ప్రతి భాగానికి 15 మి.లీ. గోరువెచ్చటి నీళ్లు, నీళ్ల గిన్నె తిండి పక్క నుంచి తీసి ఇంట్లో రెండు చోట్ల. మూడు రోజులకు మార్కు 1 నుంచి 1, 2 మధ్యకు వచ్చి ఆగింది.

79వ రోజు ఇసబ్‌గోల్ మొదలుపెట్టాం. రుచి, రంగు, చక్కెర కలపని ఉత్త పొట్టు, పావు టీస్పూను, 20 మి.లీ. నీళ్లలో పది నిమిషాలు ఉబ్బనిచ్చి, జెల్లీలా అయ్యాక సాయంత్రం తిండిలో. రోజుకొకసారే. పొడిగా చల్లకూడదు. పేగులో ఉన్న నీరు కూడా అదే పీల్చుకుని మలబద్ధకం ముదురుతుంది, గొంతులో అడ్డుపడవచ్చు కూడా. ఆయుర్వేద జులాబు మందులు, సబ్బు ముక్క పెట్టడం, మనుషుల ఫాస్ఫేట్ ఎనిమా వీటిలో ఏదీ పిల్లి దగ్గరకు రానీయవద్దు. ఫాస్ఫేట్ ఎనిమా పిల్లుల్లో రక్తంలోని లవణాలను తలకిందులు చేసి గంటల్లో చంపేయగలదు.

80: 2. 81: 2. 82: 3. 83: 2.

84వ రోజు, ఆదివారం. బరువు 3.78. రోజుకు ఒకసారి, మార్కు 2. ఈ నెల వాంతి లేదు. కొత్త ప్యాకెట్ లెక్కన రోజుకు 61 గ్రాములు, వారానికి రెండు సార్లు 10 గ్రాముల బొచ్చె కండ, అది వేసిన రోజు గింజలు 3 గ్రాములు తగ్గింపు. ఇసబ్‌గోల్ వానలు పడ్డాక పావు టీస్పూను నుంచి చిటికెడుకు దింపి చూస్తాం. బీ12 మరో ఇంజెక్షన్ ఇంకో రెండు వారాలకు. పాత బరువుకు 120 గ్రాములు తక్కువ. 3.9 దగ్గర తిండి పెంచడం ఆపి, అక్కడి నుంచి నెలకొకసారి కాటా. మధ్యాహ్నం కూర వండారు. చెత్తబుట్ట మూత బిగించే ఉంది.